ఇంట్లో మనిషి పోయినప్పుడు: హైదరాబాద్‌లో మొదటి గంట నుంచి మొదటి నెల దాకా ఏం చేయాలి

మనిషి పోయిన ఇంట్లో ఏడుపుల మధ్యే ఫ్రీజర్ ఎవరు తెస్తారు, అయ్యగారికి ఎవరు చెప్తారు, ఊళ్లోవాళ్లు ఎప్పటికి చేరతారు అన్న మాటలు మొదలవుతాయి. అవన్నీ కావాల్సినవే, కానీ గంట ఆలస్యమైతే చెడిపోయేవి కావు. దహనానికి ముందే అయి తీరాల్సిన పనులు మూడే: మరణానికి కారణం రాసి డాక్టరు పెట్టే సంతకం, పోలీసులకు చెప్పాలా వద్దా అన్న నిర్ణయం, కళ్లు ఇవ్వాలనుకుంటే ఐ బ్యాంకుకు ఫోను. ఈ మూడింటిలో ఏది తప్పినా, దహనం అయ్యాక దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే ఈ గైడ్‌లో కాగితాలు ముందు వస్తాయి, కట్టెలు తర్వాత.

ముందు తేల్చుకోవాల్సింది: ఇది ఎలాంటి మరణం

మనిషి ఉలుకూ పలుకూ లేకుండా కనిపించి, ప్రాణం పోయిందని మీకు ఖాయంగా తెలియకపోతే వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి. 108 బతికున్నవాళ్ల కోసం. ప్రాణం లేదని తేలితే మృతదేహాన్ని అందులో తీసుకెళ్లరు, వాళ్లతో వాదన పెట్టుకుని లాభం లేదు.

క్యాన్సర్ ఆఖరి దశలో ఉన్నవాళ్లు, ఏళ్ల తరబడి మంచాన పడ్డ పెద్దవాళ్లు ఇంట్లో పోతే దారి వేరు. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, ప్రాణం పోయిందని తెలిసి కూడా ‘ఎందుకైనా మంచిది, ఒకసారి ఆసుపత్రిలో చూపిద్దాం’ అని కారులో వేసుకుని పోవడం. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరుకు ఆ మనిషి జబ్బు తెలియదు. తన చేతుల్లో పోని మనిషికి కారణం రాయడానికి ఏ డాక్టరూ ముందుకు రాడు. ‘బ్రాట్ డెడ్’, అంటే తెచ్చేసరికే ప్రాణం లేదు అని రాసి పోలీసులకు కబురు పంపుతారు. అక్కణ్నుంచి అది మార్చురీ, పంచనామా, అవసరమైతే పోస్టుమార్టం దాకా పోతుంది. మామూలు మరణం కాస్తా కేసుగా మారేది ఇలాగే. ఊహించిన మరణమైతే మనిషిని కదపకండి, డాక్టరునే ఇంటికి రప్పించండి.

డాక్టరు సంతకం

ఆ చివరి జబ్బులో ఎవరు చూశారో వాళ్లనే ముందు అడగాలి. ఆ డాక్టరు మరణ కారణం ధ్రువీకరించి ఇవ్వాలని, అందుకు ఫీజు తీసుకోకూడదని 1969 నాటి జనన మరణాల నమోదు చట్టంలోనే ఉంది. ఇంటికి వచ్చినందుకు ఇచ్చే ఫీజు సంగతి వేరు. ఇంట్లో మరణానికి వాడే పత్రం ఫారం-4ఏ, ఆసుపత్రి మరణానికి ఫారం-4. వీధి చివర ఆర్‌ఎంపీ ఎంత మంచివాడైనా ఆయన సంతకం పనికిరాదు. కనీసం ఎంబీబీఎస్ చదివి, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు స్టాంపు మీద ఉన్నవాళ్లే రాయాలి.

డాక్టరు వచ్చేలోపు డిశ్చార్జ్ సమ్మరీలు, చివరి మందుల చీటీలు, స్కాన్ రిపోర్టులు, ఆధార్ ఒక కవర్లో పెట్టి సిద్ధంగా ఉంచండి. కాగితం చేతికి రాగానే నాలుగు చూసుకోవాలి: పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉందా, వయసు సరిపోయిందా, తేదీ సమయం రాశారా, కారణం ఏమని రాశారు. ఈ నాలుగోది ముఖ్యం. ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’ అని ఒక్క ముక్క రాసి ఇస్తుంటారు. గుండె, ఊపిరి ఆగిపోవడం అందరికీ జరిగేదే, అది కారణం కాదు. దాని వెనకున్న జబ్బు, అంటే కిడ్నీ ఫెయిల్యూరో, కాలేయ క్యాన్సరో, పాత గుండెజబ్బో, అది ఎన్నాళ్లుగా ఉందో కూడా రాయించుకోవాలి. ఇది లేకపోతే రేపు ఇన్సూరెన్స్ కంపెనీ అడిగే మొదటి ప్రశ్న ఇదే.

అదివరకు చూసిన డాక్టరు దొరక్కపోతే, పాత ఫైలు ఉన్న నర్సింగ్ హోమ్‌కు ఒకరు ఆ ఫైలు పట్టుకుని వెళ్లి, డాక్టరును వెంటబెట్టుకు రావాలి. అర్ధరాత్రయితే తెల్లారేదాకా ఆగినా నష్టం లేదు. అయితే నిన్నటిదాకా తిరిగిన మనిషి, ఏ జబ్బూ లేని మనిషి హఠాత్తుగా పోయి, ఏ డాక్టరూ కారణం రాయలేనంటే బతిమాలి రాయించుకోకండి. 112కి చెప్పండి. ఎవరి మీదో అనుమానం ఉందని కాదు, కారణం తెలియాలంటే దారి అదొక్కటే.

పోలీసులకు ఎప్పుడు చెప్పాలి

రోడ్డు ప్రమాదం, మేడ మీద నుంచి పడటం, కరెంటు షాక్, కాలిన గాయాలు, నీళ్లలో మునగడం, పాము కాటు, విషం, ఆత్మహత్య, కొట్లాట. ఇవన్నీ పోలీసులకు చెప్పాల్సినవే, మనిషి ఇంట్లో పోయినా ఆసుపత్రిలో పోయినా. పెళ్లయిన ఏడేళ్లలోపు ఆడపిల్ల ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా పోయినా పోస్టుమార్టం తప్పదు, తహసీల్దారు స్థాయి మేజిస్ట్రేటు ఎదుట పంచనామా జరుగుతుంది.

చాలామందికి తట్టనిది ఇంకొకటి ఉంది. బాత్రూంలో జారిపడి తుంటి విరిగి, ఆపరేషన్ అయి, మూడు వారాలకు న్యుమోనియాతో పోయిన పెద్దావిడ. ఇంట్లోవాళ్లకు అది వృద్ధాప్యం, ఆసుపత్రికి మెడికో లీగల్ కేసు (ఎంఎల్‌సీ), అంటే పోలీసులకు చెప్పాల్సిన కేసు. ఎందుకంటే మొదలు పెట్టింది ఆ పడటమే. ఆఖరి రోజున పోలీసు కాగితం అడిగితే కంగారు పడకుండా, చేర్పించిన రోజే ఎంఎల్‌సీ రాశారా లేదా అని అడిగి పెట్టుకోండి.

ఇలాంటి మరణంలో ఏదీ ముట్టుకోకూడదు. స్నానం చేయించకండి, బట్టలు మార్చకండి, గది కడగకండి. స్టేషన్ నుంచి ఎస్సై వచ్చి భారతీయ నాగరిక సురక్షా సంహిత 194వ సెక్షన్ కింద పంచనామా రాస్తారు. పాత చట్టంలో ఇది 174వ సెక్షన్, అందుకే పాతవాళ్లు దీన్నే 174 అంటారు. పంచనామాకు ఇద్దరు ముగ్గురు సాక్షులు, గుర్తుపట్టడానికి రక్తసంబంధీకులు ఒకరు, పోయినవాళ్లదీ ఆ రక్తసంబంధీకులదీ ఆధార్‌లు కావాలి. తర్వాత శరీరం మార్చురీకి వెళ్తుంది. నగరంలో ప్రధానమైనవి అఫ్జల్‌గంజ్ ఉస్మానియా, సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రుల మార్చురీలు. పోస్టుమార్టానికి ఫీజు లేదు. సౌకర్యాలున్న ఆసుపత్రుల్లో రాత్రిపూట కూడా చేయవచ్చని 2021 నవంబరులో కేంద్రం అనుమతిచ్చినా, హత్య, ఆత్మహత్య, అనుమానాస్పద కేసులకు సాధారణంగా పగలే చేస్తారు. సాయంత్రం చెప్పిన కేసులో శరీరం చేతికొచ్చేసరికి మర్నాడు మధ్యాహ్నం అవుతుందనుకుని చుట్టాలకు సమయం చెప్పండి.

మార్చురీకి వెళ్లేటప్పుడు ఐదు మీటర్ల కొత్త తెల్లగుడ్డ, ఒక పెద్ద ప్లాస్టిక్ షీటు, రెండు పెద్ద దూది ప్యాకెట్లు తీసుకెళ్లండి. పోస్టుమార్టం అయిన శరీరానికి కుట్ల దగ్గర కారుతుంది. ఇంటికొచ్చాక బిందెలతో నీళ్లు పోసి స్నానం చేయిస్తే అది ఆగదు. తడిగుడ్డతో తుడిచి, ప్లాస్టిక్ మీద గుడ్డ చుట్టి పడుకోబెట్టడమే మేలు.

‘కోయించడం ఎందుకు, మా మనిషి ప్రమాదంలోనే పోయాడని అందరికీ తెలుసు కదా’ అని పెద్దలు అడ్డుపడతారు. ఆ బాధ అర్థం చేసుకోవాల్సిందే, కానీ ఎఫ్‌ఐఆర్, పోస్టుమార్టం రిపోర్టు లేకుండా ప్రమాద బీమా గట్టెక్కడం చాలా కష్టం. వాహన ప్రమాదంలో నష్టపరిహారం కేసు ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు వేయాలి, దానికీ ఇవే ఆధారం. ఎఫ్‌ఐఆర్, పంచనామా నకళ్లు స్టేషన్లో అడిగి తీసుకోండి. పోస్టుమార్టం రిపోర్టు తర్వాత వస్తుంది.

కళ్లు, అవయవాలు, శరీరం

కళ్లకు ఉన్న గడువు ఆరు గంటలు. ఎంత ముందైతే అంత మంచిది. బంజారాహిల్స్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికి చెందిన రామాయమ్మ ఇంటర్నేషనల్ ఐ బ్యాంకు ఉంది. ఫోన్ చేస్తే వాళ్లే ఇంటికి వస్తారు. వాళ్లు వచ్చేలోపు గదిలో ఫ్యాన్ ఆపండి, ఏసీ ఉంటే వేయండి. రెప్పలు మూసి, వాటి మీద తడిపిన దూది పెట్టి, తల కింద రెండు దిండ్లు వేయండి. పని పదిహేను ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, ముఖం వికారంగా మారదు. షుగరు, బీపీ, కంటిశుక్లం ఆపరేషన్, కళ్లజోడు ఇవేవీ అడ్డు కావు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, రేబిస్, రక్తంలో ఇన్ఫెక్షన్, రక్త క్యాన్సర్ ఉంటే తీసుకోరు. పోయిన మనిషి ముందే ప్రతిజ్ఞాపత్రం రాసి ఉండాలనేమీ లేదు, దగ్గరివాళ్ల ఒప్పుదల చాలు.

కిడ్నీలు, కాలేయం, గుండె ఇంట్లో పోయినవాళ్ల నుంచి తీసుకోలేరు. ఐసీయూలో వెంటిలేటర్ మీద బ్రెయిన్ డెత్ అని తేలినప్పుడే అది సాధ్యం. అప్పుడు ఆసుపత్రి వాళ్లే, రాష్ట్రంలో ఈ పని చూసే జీవన్‌దాన్ ద్వారా ఏర్పాటు చేస్తారు.

దేహదానం చేయాలంటే ఉస్మానియా మెడికల్ కాలేజీ గానీ గాంధీ మెడికల్ కాలేజీ గానీ అనాటమీ విభాగానికి ముందుగా ఫోన్ చేయండి. పోస్టుమార్టం అయిన శరీరాన్ని సాధారణంగా తీసుకోరు. కళ్లు ఇచ్చాక శరీరం ఇవ్వవచ్చు. ఒక్క కొడుకో కూతురో అడ్డం తిరిగినా కాలేజీ వెనక్కి తగ్గుతుంది, కాబట్టి వాహనం పిలిచేముందే ఇంట్లో మాట ఒకటి కావాలి.

ఆసుపత్రిలో పోతే

మరణాన్ని రిజిస్ట్రారుకు తెలియజేసే బాధ్యత ఆసుపత్రిదే. మీ పని వాళ్లు రాసింది సరిచూడటం. రిసెప్షన్‌లో ఒక ఫారం నింపమంటారు. ఆ గందరగోళంలో మేనల్లుడో, పక్కింటబ్బాయో నింపేస్తాడు. ‘లక్ష్మమ్మ’ కాస్తా ‘లక్ష్మి’ అవుతుంది, ఇంటిపేరు ముందుది వెనకొస్తుంది, భర్త పేరు ఉండాల్సిన చోట తండ్రి పేరు పడుతుంది. తర్వాత బ్యాంకులో, ఎల్ఐసీలో, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఎదురయ్యే చిక్కుల్లో చాలావాటికి పుట్టిల్లు ఆ ఫారమే. ఆధార్, పాన్ రెండూ ముందు పెట్టుకుని, చదువుకున్నవాళ్లు ఒకరు కూర్చుని, ఇంగ్లిషులో ఒక్కో అక్షరం చూసి నింపాలి. నింపాక ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

బయటికొచ్చే ముందు చేతిలో ఉండాల్సినవి: డెత్ సమ్మరీ, మరణ కారణం రాసిన ఫారం-4 కాపీ, మరణ సమాచారం పంపినట్టు ఇచ్చే స్లిప్పు, ఫైనల్ బిల్లు, రిపోర్టులన్నీ. బిల్లు తేలలేదని మృతదేహాన్ని ఆపడం కేంద్ర ఆరోగ్యశాఖ అనుసరించమన్న రోగుల హక్కుల పత్రానికి విరుద్ధం. ఆ మాట గట్టిగానే చెప్పవచ్చు. ఇన్సూరెన్స్ ఉంటే క్యాష్‌లెస్ ఆమోదం రావడానికి గంటలు పడుతుంది, కాబట్టి ఒకరిని ఆ కౌంటర్ దగ్గరే ఉంచండి.

దహనం చేసేవాళ్లు పేస్‌మేకర్ ఉందా అన్నది మర్చిపోకూడదు. అందులో లిథియం బ్యాటరీ వేడికి పేలుతుంది. కాటికాపరికి గాయాలవుతాయి, గ్యాస్ కొలిమి దెబ్బతింటుంది. ఆసుపత్రిలోనే తీయించుకోవడం తేలిక. ఇంట్లో పోయినవాళ్లకైతే డాక్టరు వచ్చినప్పుడే చెప్పాలి. పూడ్చేవాళ్లకు ఈ అవసరం లేదు.

శరీరాన్ని చూసుకోవడం

డాక్టరు చూశాక, పోలీసు పని లేదని తేలాక, ఒక గంటలోపు చేయాల్సినవి ఉన్నాయి. గంటలు గడిచేకొద్దీ శరీరం బిగుసుకుంటుంది, మన వేసవిలో ఇంకా ముందే. మొదట రెప్పలు, దవడ, మెడ బిగుస్తాయి. అందుకే రెప్పలు మూసి, గడ్డం కింద నుంచి నడినెత్తికి గుడ్డపట్టీ కట్టాలి. చేతులు, కాళ్లు చాపి, కాలి బొటనవేళ్లు రెండూ కలిపి కట్టాలి. తల కింద దిండు ఉంచితే ముఖంలోకి రక్తం దిగి నల్లబడదు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు అప్పుడే తీయండి. వేళ్లు ఉబ్బితే సబ్బు నురగకూ రావు. నగలు తీసేటప్పుడు ఇద్దరు ఉండి, ఏవేవి తీశారో ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే తర్వాత మాటలు రావు.

మూత్రం గొట్టాన్ని లాగకండి. లోపల గాలిబుడగలా నీళ్లు నింపిన బుగ్గ ఉంటుంది, దాన్ని సిరంజితో ఖాళీ చేస్తే గానీ రాదు. నర్సును పిలవండి. చేతికున్న సెలైన్ సూది తీస్తే ఆ రంధ్రం నుంచి రక్తం కారుతూనే ఉంటుంది, తీసిన చోట దూది పెట్టి గట్టిగా ప్లాస్టర్ వేయాలి. పెద్దల డైపర్ ఒకటి వేసి, ముక్కుల్లో దూది పెడితే చాలు.

ఫ్రీజర్ బాక్స్ తెచ్చేవాళ్లకు ఎత్తు, బరువు ముందే చెప్పండి. దానికి పెద్ద పిన్నుల పవర్ ప్లగ్ కావాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డుకు పెడితే వైరు కాలుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ దాన్ని మోయలేదు. శరీరం పెట్టే ముందే ఆన్ చేసి చల్లబడనివ్వాలి. వచ్చిన ప్రతి ఒక్కరి కోసం మూత తీస్తే చల్లదనం పోయి లోపల చెమ్మ పడుతుంది. అద్దంలోంచే చూడమనండి. కరెంటు పోతే మూత అసలు తీయకండి. ఫ్రీజర్ రాలేదా, ఐస్ ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెప్పించి మంచం కింద టబ్బుల్లో పేర్చి, ఏసీ తక్కువలో పెట్టండి.

పిల్లలు అమెరికా నుంచి రావాలంటే ఇంట్లో ఫ్రీజర్ మీద ఆధారపడకండి. ఒక రోజు, మహా అయితే ఒకటిన్నర రోజు దాంతో నెట్టుకురావచ్చు. అంతకు మించితే ఆసుపత్రి మార్చురీలో కోల్డ్ స్టోరేజీ అడిగి అక్కడ ఉంచి, దహనం రోజు ఉదయం ఇంటికి తెచ్చుకోవాలి.

అద్దె ఇల్లు, లిఫ్టు

చెప్పుకోవడానికి బాగోదు గానీ ఈ నగరంలో ఉన్నదే. అద్దె ఇంట్లో ఉంటున్నవాళ్ల మృతదేహాన్ని కొందరు ఓనర్లు గేటు లోపలికి రానివ్వరు. రాత్రంతా వాన్‌లోనే శరీరాన్ని పెట్టుకుని వీధిలో కూర్చున్న కుటుంబాల గురించి వార్తల్లో చదువుతూనే ఉంటాం. ఆసుపత్రి నుంచి బయల్దేరకముందే, ఇంట్లో పెద్దవాళ్లతో ఓనరుకు ఫోన్ చేయించండి. కాదంటే వాదనకు అది సమయం కాదు. ఆసుపత్రి మార్చురీలోనే ఉంచి తిన్నగా శ్మశానానికి వెళ్లడం, బస్తీ కమ్యూనిటీ హాలు అడగడం, సొంత ఇల్లున్న దగ్గరి చుట్టాల ఇంటికి తీసుకెళ్లడం, ఈ మూడు దారులున్నాయి.

అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో ఎక్కువ వాటిలో ఫ్రీజర్ బాక్స్ పట్టదు. అసోసియేషన్‌తో మాట్లాడి సెల్లార్‌లో గానీ కింద గానీ ప్లగ్ ఉన్న చోటు తీసుకోండి. పైనుంచి దించాల్సి వస్తే మందపాటి దుప్పటిలో నలుగురు, మలుపుల దగ్గర ఇంకో ఇద్దరు.

కబురు

ఫోన్లు ఒకరు, కాగితాలు ఒకరు, డబ్బు ఒకరు. ఈ మూడు పనులూ కొడుకు నెత్తిన పెట్టకండి, ఆయన అయ్యగారు చెప్పింది చేయడానికే సరిపోతారు. వాట్సాప్‌లో పంపే మాట పొడుగ్గా అక్కర్లేదు, తిరిగి ఫోన్ చేయాల్సిన అవసరం లేకుండా ఉంటే చాలు: ‘మా నాన్నగారు, రిటైర్డ్ లెక్చరర్, 74 ఏళ్లు, ఈ ఉదయం 5.40కి కాలం చేశారు. పార్థివదేహం దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంటి దగ్గరే ఉంది. మధ్యాహ్నం 2.30కి బయల్దేరి అంబర్‌పేట శ్మశానవాటికకు. వివరాలకు మా బావగారికి ఫోన్ చేయండి.’ కింద బావగారి నంబరు, లొకేషన్ పెట్టండి. శ్మశానంలో చోటు, సమయం ఖాయమయ్యాకే పంపండి. ఆధార్ ఫొటోలు, డాక్టరు కాగితాలు గ్రూపుల్లో పెట్టకండి.

శ్మశానవాటిక

నగరంలో ఎక్కువగా వెళ్లేవి అంబర్‌పేట, పంజాగుట్ట, బన్సీలాల్‌పేట, ఎర్రగడ్డ ఈఎస్ఐ, పురానాపూల్ శ్మశానవాటికలు, జూబ్లీహిల్స్ వైపు మహాప్రస్థానం. ఇంటి దగ్గరిదే ఎంచుకోవడం మంచిది. సాయంత్రం ట్రాఫిక్‌లో వైకుంఠ రథం ఇరుక్కుంటే చీకటి పడుతుంది, అయ్యగారు తొందరపెడతారు. ప్రభుత్వ ఆసుపత్రిలో పోయినవాళ్లకు ఉచిత పార్థివదేహ వాహనం ఉంటుంది, అక్కడే అడగండి.

తీసుకెళ్లాల్సిన కాగితాలు: పోయినవాళ్ల ఆధార్, కర్మ చేసేవాళ్ల ఆధార్, డాక్టరు లేదా ఆసుపత్రి ఇచ్చిన మరణ పత్రం, పోలీసు కేసైతే స్టేషన్ లెటర్. ఒక్కోదానికి మూడు జిరాక్సులు.

కట్టెలతో అయితే పెద్ద మనిషికి నాలుగైదు క్వింటాళ్లు పడతాయి. వానాకాలం తడి కట్టె అంటుకోదు, లోపల పెట్టిన ఎండు మొద్దులు అడిగి తీసుకోండి, నెయ్యి, కర్పూరం, పిడకలు ఎక్కువ పెట్టుకోండి. ఎలక్ట్రిక్, గ్యాస్ కొలిమిలో గంటన్నర, రెండు గంటల్లో అయిపోతుంది, అస్థికలు అదే రోజు అడగవచ్చు. కట్టెలతో అయితే మర్నాడు. కొలిమిలో పెట్టేటప్పుడు కళ్లజోడు, మూత బిగించిన సీసాలు, సెల్‌ఫోన్, ప్లాస్టిక్ ఏదీ శరీరంతో పంపకూడదు. పాడె సామాను శ్మశానం దగ్గరి దుకాణాల్లో సెట్‌గా దొరుకుతుంది: రెండు పొడవాటి వెదురు బొంగులు, అడ్డకర్రలు, గడ్డి, తాడు, తెల్లగుడ్డ, కుండలు, పసుపు, కుంకుమ, పేలాలు. కులాన్ని బట్టి, ఇంటిపద్ధతిని బట్టి ఇది మారుతుంది, కాబట్టి కొనే ముందు పురోహితుణ్ని గానీ కులపెద్దను గానీ ఒక్క మాట అడగండి. కట్టెలకు, కాపరికి, సామానుకు ఎంతో ముందే మాట్లాడుకోండి. పాడె దించాక బేరం కుదరదు.

పూడ్చే ఆచారమున్నవాళ్లు తమవాళ్లకు ఏ శ్మశానంలో చోటుందో ముందు కనుక్కోవాలి. ముస్లింలు మసీదు కమిటీ ద్వారా ఖబ్రస్తాన్‌లో చోటు, జనాజా నమాజు వేళ ఖాయం చేసుకుంటారు. క్రైస్తవులు పాస్టరు గారితో, స్మశానవాటిక కమిటీతో మాట్లాడి పెట్టె కొలత ఇస్తారు.

వచ్చేముందు అసలు పని: రసీదు. ఇంట్లో పోయినవాళ్ల మరణ నమోదుకు ఆ శ్మశాన రసీదు కావాలి. పేరు సరిగ్గా రాశారో లేదో అక్కడే చూసి, చొక్కా జేబులో కాకుండా కాగితాల కవర్లో పెట్టండి. ఇంటికి రాగానే ఆ చొక్కాను నీళ్లలో వేస్తారు కదా.

అస్థికలు కలపడానికి తొందర లేదు. ఇక్కడివాళ్లు గోదావరికి బాసర, ధర్మపురి, కాళేశ్వరం, కృష్ణకు బీచుపల్లి, వాడపల్లి వెళ్తుంటారు. మూడో రోజు పిట్టకు పెట్టడం, దశదిన కర్మ తేదీలు అయ్యగారితో ఆ సాయంత్రమే రాసుకోండి.

ఊరికి తీసుకెళ్లాలంటే

రోడ్డు మీదైతే ఫ్రీజర్ ఉన్న అంబులెన్స్, మరణ పత్రం, ఆధార్ చాలు. పోలీసు కేసైతే పోస్టుమార్టం అయ్యాకే కదలాలి. విమానంలో అయితే ఎంబామింగ్ (శరీరం చెడకుండా మందు ఎక్కించడం) చేయించి ఆ సర్టిఫికెట్, మరణ పత్రం, అభ్యంతరం లేదని పోలీసులిచ్చే ఎన్‌ఓసీ, పెట్టె సీలు చేసినట్టు ధ్రువీకరణ ఎయిర్‌లైన్ కార్గోకు ఇవ్వాలి. ఏ కాగితం కావాలో టికెట్ కొనకముందే కార్గో కౌంటర్‌నే అడగండి.

డెత్ సర్టిఫికెట్

నమోదు ఎక్కడ మనిషి పోయారో అక్కడే, ఇల్లు ఎక్కడన్నది లెక్క కాదు. నల్గొండ మనిషి హైదరాబాద్ ఆసుపత్రిలో పోతే సర్టిఫికెట్ ఇక్కడి కార్పొరేషన్ సర్కిల్ నుంచే వస్తుంది. కంటోన్మెంట్ ప్రాంతంలో పోతే కంటోన్మెంట్ బోర్డుకు వెళ్లాలి.

గడువు 21 రోజులు. ఆసుపత్రి మరణమైతే వాళ్లు పంపేశారా లేదా అని నాలుగో రోజునే కనుక్కోండి. ఇంట్లో మరణమైతే కుటుంబ పెద్ద తెలియజేయాలి. ఫారం-4ఏ, శ్మశాన రసీదు, పోయినవాళ్లదీ తెలియజేసేవాళ్లదీ ఆధార్‌లతో సర్కిల్ కార్యాలయంలో జనన మరణాల విభాగానికి వెళ్లండి. 21 దాటి 30 లోపైతే ఆలస్య రుసుముతో అయిపోతుంది. 30 రోజులు దాటి ఏడాదిలోపైతే జిల్లా రిజిస్ట్రార్ అనుమతి కావాలి. ఏడాది దాటితే ఆర్డీవో స్థాయి మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా నమోదు కాదు. కర్మలన్నీ అయ్యాక చూద్దాంలే అనుకుని నెలన్నర దాటించేవాళ్లే ఎక్కువ. పదకొండో రోజు లోపు ఎవరో ఒకరు వెళ్లి రావాలి.

నమోదయ్యాక కాపీలు మీసేవలో తీసుకోవచ్చు. అసలు ప్రతులు నాలుగైదు ఉంచుకోండి. పేరులో తప్పు కనిపిస్తే లామినేషన్ చేయించి దాచుకోకుండా, వెంటనే నమోదు చేసిన సర్కిల్‌కే ఆధార్, పాన్, పదో తరగతి మెమో పట్టుకుని దిద్దుబాటుకు వెళ్లండి. దీంతోపాటే మీసేవలో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయండి. తహసీల్దారు విచారించి ఇస్తారు, బ్యాంకులు, ఆఫీసులు ముందు అడిగేది ఇదే. నామినీ లేక, వారసుల మధ్య పేచీ ఉంటేనే కోర్టు నుంచి సక్సెషన్ (వారసత్వ) సర్టిఫికెట్ దాకా వెళ్లాల్సి వస్తుంది.

డబ్బు

మొదటి నెలలో చేయకూడని పని ముందు చెప్పుకోవాలి. పోయినవాళ్ల ఏటీఎం కార్డుతో, ఫోన్‌పేతో డబ్బు తీయకండి. పిన్ తెలిసినా సరే. మిగతా వారసులు అడిగినప్పుడు తీసినవాళ్లు జవాబు చెప్పుకోవాలి. ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ జాయింట్ అకౌంటైతే రెండోవాళ్లు మామూలుగా వాడుకోవచ్చు. నామినీ ఉంటే డెత్ సర్టిఫికెట్, క్లెయిం ఫారం, గుర్తింపు కార్డు ఇచ్చాక 15 రోజుల్లో బ్యాంకు పరిష్కరించాలి.

సిమ్ కార్డు రద్దు చేయించకండి. ఓటీపీలన్నీ ఆ నంబరుకే వస్తాయి. చిన్న రీచార్జితో ఆరు నెలలు బతికించండి.

పాస్‌బుక్కులో ఏడాదికోసారి 436 రూపాయలు, 20 రూపాయలు కోత పడిందేమో చూడండి. మొదటిది ప్రధానమంత్రి జీవన్‌జ్యోతి, మరణం ఎలా వచ్చినా 2 లక్షలు. రెండోది సురక్షా బీమా, ప్రమాదమైతే 2 లక్షలు. ఇంట్లోవాళ్లకు తెలియకుండా బ్యాంకులో చేరి ఉన్న పాలసీలివి, అడగకుండా ఎవరూ ఇవ్వరు. పీఎఫ్ ఉన్న ఉద్యోగి అయితే జమతోపాటు ఈడీఎల్ఐ బీమా 7 లక్షల దాకా రావచ్చు, కుటుంబ పెన్షనూ ఉంటుంది. ఎల్ఐసీ పాలసీ మూడేళ్లు నిండకుండా మరణిస్తే కంపెనీ విచారిస్తుంది, ఆసుపత్రి కాగితాలన్నీ అడుగుతుంది. మూడేళ్లు దాటితే పని సులువు. ఊళ్లో పొలం పోయినవాళ్ల పేరునే ఉండి, వయసు 59 లోపైతే రైతుబీమా 5 లక్షలకు ఊరి వ్యవసాయ విస్తరణాధికారికి కబురు చేయండి. నగరంలో స్థిరపడ్డ కుటుంబాలు ఎక్కువగా మర్చిపోయేది దీన్నే.

పెన్షన్ తీసుకుంటున్నవాళ్లైతే ట్రెజరీకి లేదా బ్యాంకుకు వెంటనే చెప్పాలి, లేకపోతే తర్వాతి నెలల్లో పడిన డబ్బు తిరిగి కట్టాల్సి వస్తుంది. బండి వాళ్ల పేరున ఉంటే 30 రోజుల్లో ఆర్టీఏకు తెలిపి, మూడు నెలల్లో ఫారం-31తో పేరు మార్పించుకోవాలి. ఆలోపు ఆ బండి బయటికి తీసేముందు ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా మరణం సంగతి రాతపూర్వకంగా తెలియజేసి పెట్టండి.